ఎనిమిదో అంతస్తులో జర్మనీ మామయ్య

ఆ రోజుల్లో అక్టోబరు వచ్చిందంటే నాకు గుబులు పట్టుకునేది. ఒసాకాలో ఉమెదా స్టేషను పక్కన ఒక పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోరు ఉంది. ఏటా ఆ నెలలో దాని ఎనిమిదో అంతస్తులో వారం పాటు జర్మనీ సంత జరుగుతుంది. సాసేజీలు, నల్లరొట్టెలు, చెక్కబొమ్మలు, వాటి మధ్యలో మా వైన్ అంగడి. ఆ అంగడి ముందు పొట్టి తోలు నిక్కరు తొడుక్కుని, ఈక గుచ్చిన ఆకుపచ్చ టోపీ పెట్టుకుని, చిన్న చిన్న గ్లాసులున్న పళ్ళెం పట్టుకుని నిలబడే మనిషి మా ఆయన తెత్సురో.

"రండమ్మా, రండి. ఇది మందనుకుంటున్నారా? పువ్వుల్లోంచి పిండిన తేనె. ఒక్క గుక్క వేసుకుంటే అత్తగారి మీద కోపం కూడా కరిగిపోతుంది."

ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. గ్లాసు అందుకునేవారు. అప్పుడాయన గొంతెత్తి జర్మన్ పాట ఒకటి అందుకునేవారు. ఆ మాటలు ఆయనవి కావు, మా నాన్నవి. పాటా నాన్నదే. అంగడి వెనక పీట మీద చేతికర్ర పట్టుకుని కూర్చున్న నాన్న, పాటలో ఒక్క ముక్క తప్పినా కర్రతో నేల మీద టక్కున కొట్టేవాడు. యాభైకి దగ్గరపడ్డ మా ఆయన బడిపిల్లాడిలా ఉలిక్కిపడి ఆ ముక్క మళ్ళీ పాడేవారు.

నాన్న పేరు మురసుగి గెంజో. కొబే రేవు దగ్గర జర్మన్ వైన్ దిగుమతి చేసుకునే కంపెనీ ఆయనది. మన దేశంలో ఆడవాళ్ళు వైనంటే ఏమిటో ఎరగని కాలంలో, తియ్యటి తెల్ల వైన్ తెప్పించి, ఆ నిక్కరూ టోపీ కుట్టించుకుని, ఊరూరా తిరిగి వాళ్ళకి అలవాటు చేశాడు. ఆయనకి నేనొక్కతే కూతుర్ని.

తెత్సురో అకితాలో బియ్యపు మద్యం సాకే కాచే ఇంట్లో రెండో కొడుకు. ఇల్లూ వ్యాపారమూ అన్నగారివి. ఈయన కుర్రతనంలో జర్మనీ వెళ్ళి, నాహె నది ఒడ్డున ఒక రైతు ద్రాక్షతోటలో రెండేళ్ళు పనిచేసి వచ్చారు. జర్మన్ వచ్చు, వైన్ తెలుసు. నాన్న ఉద్యోగమిచ్చాడు, తరవాత నన్నిచ్చాడు. ఇల్లరికం. ఒనొదెరా అన్న ఇంటిపేరు వదిలేసి ఆయన మురసుగి అయ్యారు. మావయ్యగారూ అని కాకుండా నాన్నగారూ అని పిలవడం మొదలుపెట్టారు. "నేను తప్పుకున్నాక నీ ఇష్టం వచ్చిన వైన్ తెప్పించుకో" అని నాన్న పెళ్ళిలోనే మాటిచ్చాడు. తప్పుకోవడం మాత్రం జరగలేదు.

ఒకసారి మా ఆయన బయటపడబోయారు. తోక్యోలో ఒక స్నేహితుడితో కలిసి సొంతంగా మొదలుపెడదామని అన్నీ మాట్లాడుకున్నారు. కొత్త సంవత్సరం సెలవులయ్యాక నాన్నకి చెబుదామనుకుంటుండగా కొబేలో భూకంపం వచ్చింది. గోదాములో ఒక్క సీసా మిగల్లేదు. వారాల తరబడి మా వీధంతా తియ్యటి పులుపు వాసన. బీరువా మీద పడి నాన్న కాలు విరిగింది. అలాంటప్పుడు ఎవరు వెళ్ళగలరు? ఎముక సరిగ్గా అతక్క ఆ అక్టోబరులో మళ్ళీ ఆస్పత్రిలో చేరిన నాన్న మంచం మీద నుంచి, "ఈ ఒక్క ఏడాదికి నువ్వు టోపీ పెట్టుకో నాయనా, నా కాలు కూడుకునేదాకా" అన్నాడు. కాలు కూడుకుంది. టోపీ మాత్రం ఈయన నెత్తి మీదే ఉండిపోయింది.

నేను చెప్పే సంగతి 1998 నాటిది. ఆ ముందటేడు ఎర్ర వైన్ గుండెకి మంచిదని టీవీలో చెప్పారు. అంతే, దేశమంతా ఎర్ర వైన్ పిచ్చి పట్టుకుంది. తెల్ల వైన్, అందులోనూ తియ్యటి జర్మన్ వైన్, అమ్మమ్మల వస్తువైపోయింది. రైల్లో కాలేజీ పిల్లలు ప్రకటనలో మా సీసా బొమ్మ చూసి ముసిముసిగా నవ్వుకోవడం నేను కళ్ళారా చూశాను.

మా ఆయన వారాల పాటు ఆలోచించి ఒక రోజు ఆఫీసులో నాన్న దగ్గర కూర్చున్నారు. నేను టీ పోస్తున్నాను.

"నాన్నగారూ, తీపి లేని రీస్లింగ్ ద్రాక్ష వైన్ కొంచెం తెప్పిద్దాం. మన చేపలకి, మన వంటకి అంత బాగా కుదిరే వైన్ ఇంకోటి లేదు. ఎర్రది తాగి పచ్చిచేప సాషిమీ తింటే నోరంతా ఇనుము వాసన. అది జనానికి మనమే చెప్పాలి."

"పుల్లనీళ్ళు."

"పులుపే దాని అందం నాన్నగారూ."

"అందం నువ్వు చూస్తావు, నేను చూస్తాను. డబ్బాలో భోజనం కొనుక్కుని ఇంటికెళ్ళే ఆవిడ చూస్తుందా? మొదటి గుక్కకి ఆవిడ మొహంలో నవ్వు రావాలి. రెండో గుక్క సంగతి తరవాత." నాన్న టీ చల్లార్చుకుంటూ అన్నాడు. "ఈసారి పాటలు రెండు పెట్టు. మేజోళ్ళకి కుచ్చులు కుట్టించమన్నాను అమ్మాయితో."

కుట్టాను కూడా.

మా ఆయన అప్పటికే ఒక పని చేసి ఉన్నారు. తను పనిచేసిన తోట ఇప్పుడు ఆ రైతు కూతురు అనెలీ చేతిలో ఉంది. ఈయన అక్కడున్నప్పుడు ఆమెకి పదేళ్ళు. తన వైన్ జపాన్‌లో ఎవరైనా అమ్ముతారా అని ఆమె వెతుకుతోంది. సంతకి రమ్మని ఈయన పిలిచారు. నాన్నకి, "జర్మనీ నుంచి రైతు ఆడకూతురు వస్తోంది, సంతకి కళ" అని చెప్పి ఒప్పించారు.

అనెలీ మొదటి రోజు మధ్యాహ్నం వచ్చింది. పొడుగ్గా, ఎండకి కమిలిన మెడ, కత్తిరించిన జుట్టు, మామూలు పాంటూ చొక్కా. చేతిలో బరువైన పెట్టె. మా అంగడి ముందు ఆగింది. మా ఆయన అప్పుడు రెండో పాటలో ఉన్నారు. ఆమె కాసేపు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక పెట్టె కింద పెట్టి, కళ్ళంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. జర్మన్‌లో ఏదో గడగడా అంది.

"ఏమంటోంది?" నాన్న వెనక నుంచి అడిగాడు.

"వేషం చాలా బాగుందట, నాన్నగారూ. వాళ్ళ ఊరు గుర్తొచ్చిందట."

నాన్న సంతోషంగా తలూపాడు. మా ఆయన చెవులు ఎర్రబడి ఉండటం చూసి, ఆమె అన్నది అది కాదని నాకర్థమైంది. సాయంత్రం అడిగితే చెప్పారు. "ఎవరు నీకీ బట్టలేసింది తెత్సురో? ఇవి ఎక్కడో దక్షిణాన కొండల వాళ్ళవి. మా ఊళ్ళో ఇలా తిరిగితే కుక్కలు వెంటపడతాయి. మా నాన్న చూస్తే ఏడ్చేవాడు." అదీ ఆమె అన్నది.

మర్నాడు భోజనం వేళ ఆమె మమ్మల్నిద్దర్నీ కింద కాఫీ హోటలుకి తీసుకెళ్ళింది. నిక్కరు కనిపించకుండా ఈయన పైన వానకోటు వేసుకున్నారు. ఆమె మాటలు ఈయన నాకు ఒక్కో ముక్కా చెబుతూ వచ్చారు. ఆమెతో పాటు మరికొందరు రైతులు కలిసి తోక్యోలో చిన్న ఆఫీసు తెరుస్తున్నారు. దాన్ని చూసుకోవడానికి ఈయన కావాలి. తీపి వైన్ ఉండదు, టోపీ ఉండదు, పాట ఉండదు. వంటవాళ్ళ దగ్గరికెళ్ళి, వాళ్ళ పక్కన నిలబడి, ఏ వంటకి ఏ సీసానో చూపించడమే పని.

"వసంతంలోగా చెప్పు" అంది అనెలీ. "నేను ఊరికే అడగట్లేదు. మా నాన్న చనిపోయేదాకా నీ పేరు తలుచుకునేవాడు. మంచు కురిసే రోజు కూడా తీగలు కత్తిరించిన జపాన్ కుర్రాడని."

రైల్లో కొబేకి తిరిగి వస్తూ ఆయన నా వైపు తిరగకుండా, కిటికీలోకి చూస్తూ అడిగారు. "నువ్వేమంటావు ఫుమియే?"

"వెళ్దామండీ."

"నిజంగానా?"

"నేను మేజోళ్ళకి కుచ్చులు కుట్టినదాన్ని. నాకు తెలీదా?"

 మేం దిగే సన్నోమియా స్టేషను వచ్చేదాకా ఆయన మోకాలు నా మోకాలికి ఆనించుకుని కూర్చున్నారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో పదిమందిలో అంత దగ్గరగా ఎప్పుడూ కూర్చోలేదు.

సంత ముగిశాక మా ఆయన నాన్నతో మాట్లాడారు. నాన్న గదిలో, తతామి చాప మీద ఎదురెదురుగా. నేను ఆయన వెనకే కూర్చున్నాను. చెప్పాల్సినది తల వంచుకుని, ఎక్కడా తడబడకుండా చెప్పారు. కంపెనీ మీద హక్కేమీ అడగనన్నారు. ఇంటిపేరు తిరిగివ్వమంటే ఇస్తానన్నారు.

నాన్న అరుస్తాడనుకున్నాను. దానికి నేను సిద్ధంగా ఉన్నాను, జవాబులు కూడా అనుకున్నాను. నాన్న అరవలేదు. చేతికర్ర పక్కన పెట్టి, సరిగ్గా మడతపడని కాలిని చేత్తో లాక్కుని, మోకాళ్ళ మీదికి వచ్చి, రెండు చేతులూ చాప మీద పెట్టి నుదురు నేలకి ఆనించాడు.

"నాన్నగారూ, లేవండి."

"నాకు అడగడానికి మొహం లేదు. నిన్ను చాలా కష్టపెట్టాను." నాన్న గొంతు చాపలోంచి వచ్చినట్టుంది. "సరుకు వెనక్కి తిరిగొస్తోంది. ఇప్పుడు నువ్వు కూడా పోతే స్టోరు వాళ్ళు సంతలో మన చోటు ఇంకెవరికో ఇస్తారు. నేనెంత కాలం ఉంటాను? ఆ కాస్తా ఉండు."

"లేవండి నాన్నగారూ. మీ కాలు."

"ఉంటానను."

ఆయన ఉంటాననలేదు. వెళ్తాననీ అనలేదు. లేచి నాన్నని పట్టుకుని కూర్చోబెట్టి, కర్ర చేతికిచ్చి బయటికొచ్చారు. వరండాలో నిలబడి నాతో అన్నారు. "తిట్టుంటే వెళ్ళిపోయేవాణ్ణి. కొట్టినా వెళ్ళిపోయేవాణ్ణి."

ఆ తరవాత నెలంతా ఆయన బాగానే ఉన్నారు. అదే నాకు భయం వేసింది. పొద్దున్నే లేచేవారు, ఆఫీసుకెళ్ళేవారు, అడిగినదానికి జవాబిచ్చేవారు. అన్నం తినేటప్పుడు మాత్రం నమిలిందే నములుతూ కూర్చునేవారు. ఒక రోజు తలుపు దగ్గర చెప్పులేసుకుంటూ చాలాసేపు వంగి ఉండిపోయారు. ఏమైందని అడిగితే, "ఏమీ లేదు, ఎటు వెళ్ళాలో మర్చిపోయాను" అన్నారు. ఆయన రోజూ వెళ్ళేది నాలుగు వీధుల అవతలికి.

నాకు నాన్న మీద కోపం వచ్చింది. చిన్నప్పటి నుంచీ రాని కోపం. ఆదివారం చేపల బజారుకెళ్ళి హామో చేప తెచ్చాను. పాములా పొడుగ్గా ఉండి, ఒళ్ళంతా ముళ్ళుండే చేప. ముళ్ళు తెలియకుండా సన్నగా గాట్లు పెట్టించి, వేడినీళ్ళలో వేసి తీస్తే తెల్లటి పువ్వులా విచ్చుకుంటుంది. దాని పక్కన ఉప్పులో ఊరిన ఉమె అనే పుల్లటి కాయల గుజ్జు. అనెలీ వదిలి వెళ్ళిన సీసాల్లో ఒకటి చల్లబరిచి, పేరు కనిపించకుండా గుడ్డ చుట్టి మధ్యాహ్నం భోజనానికి పెట్టాను.

"ఏమిటది?" అన్నాడు నాన్న.

"తాగి చెప్పు నాన్నా."

మా ఆయన నా వైపు భయంగా చూశారు. నాన్న గ్లాసు ఎత్తి వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. ఒక గుక్క తాగి, చేపముక్క ఉమె గుజ్జులో అద్దుకుని తిని, మళ్ళీ ఒక గుక్క తాగాడు. ఉమ్మేస్తాడనుకున్నాను. గ్లాసు ఖాళీ చేసి నా ముందుకి జరిపాడు, ఇంకా పొయ్యమని.

"రీస్లింగ్. పలకరాతి నేలది" అన్నాడు.

మా ఆయన చేతిలో అన్నం తినే పుల్లలు ఆగిపోయాయి.

"నేను తెలీక పుల్లనీళ్ళన్నాననుకున్నావా తెత్సురో? రేవులో జర్మన్ ఓడ కప్తాను నాకు మొదట తాగించింది ఇదే. ఎక్స్‌పో ప్రదర్శన ఒసాకాలో జరిగిన ఏడాది, డెబ్భైలో, నేను తెప్పించిన మొదటి సరుకంతా ఇదే. ఆ రాత్రులు నిద్రపట్టేది కాదు, ఇంత మంచిది నేనే మొదట మనవాళ్ళకి చూపిస్తున్నానని." నాన్న నా వైపు చూడలేదు. "ఇదే స్టోరులో, సూటూ టై కట్టుకుని నిలబడి, వాసన గురించీ నేల గురించీ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చెప్పాను. ఒకావిడ నా మొహం ముందే రుమాల్లోకి ఉమ్మేసింది. వెనిగర్ అమ్ముతున్నావా అంది. అందరూ నవ్వారు. సరుకంతా గోదాములో ఉండిపోయింది. మీ అమ్మ కిమోనోలు పెట్టెలోంచి ఒక్కొక్కటే మాయమయ్యాయి. నీకప్పటికి ఊహ తెలియదు ఫుమియే."

"అప్పుడా టోపీ?" అన్నాను.

"అప్పుడే. తీపి పట్టుకుని, టోపీ పెట్టుకుని, కోతిలా ఎగిరాను. కొన్నారు. ఆ తరవాత మాననిచ్చారు కాదు." నాన్న గ్లాసుని వెలుగులోకి పట్టుకుని చూశాడు. "నిన్ను అలా నిలబెట్టి నవ్వించుకోవడం నాకిష్టమా తెత్సురో? సూటేసుకుని నువ్వు ఇదే చెబుతూ ఉంటే జనం ఉమ్మడం నేను చూడలేను. అందుకు."

 సీసా అయిపోయేదాకా ముగ్గురం తాగాం. నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. అన్నాళ్ళూ నాన్న మమ్మల్ని లోపల పెట్టి తాళం వేసి బయట నిలబడ్డాడనుకున్నాను. ఆయనా లోపలే ఉన్నాడు, మా కంటే ముందు నుంచీ.

ఆ భోజనం తరవాత నాన్న ఒక మెట్టు దిగాడు. సంతలో అంగడి చివర చిన్న బల్ల ఒకటి, దాని మీద తీపి లేని వైన్, నేను నిలబడాలి. తెత్సురో మాత్రం టోపీతో ముందే ఉండాలి. మా ఆయన అనెలీకి ఫోను చేసి, తోక్యో రాలేను, ఇక్కడే కొంచెం కొంచెంగా అమ్ముతానని చెప్పారు. ఆమె చాలాసేపు వింది. ఫోనులో అవతల ట్రాక్టరు చప్పుడు నాక్కూడా వినిపించింది. "ఆ నిక్కరులో నిలబడి నిలబడి నీ మోకాళ్ళు అరిగిపోతాయి తెత్సురో" అందట చివరికి. తోక్యో ఆఫీసుకి ఇంకొకర్ని తీసుకున్నారు. ఆ మనిషి ఇప్పుడు పత్రికల్లో కనిపిస్తూ ఉంటాడు. మాకు అనెలీ ఏటా కొన్ని పెట్టెలు మాత్రం పంపేది, స్నేహం కొద్దీ.

మరుసటి అక్టోబరులో నా బల్ల దగ్గరికి ఈగ కూడా రాలేదు. నేను ఉమె గుజ్జు అద్దిన చేపముక్కలు చిన్న పుల్లలకి గుచ్చి పెట్టి, పిలిచి పిలిచి అలిసిపోయాను. వచ్చినవాళ్ళు కూడా ఒక గుక్క తాగి, "ఇది జర్మనీది కాదేమో, జర్మనీది తియ్యగా ఉంటుందిగా" అని నాకే చెప్పి వెళ్ళేవారు. అవతల పాటకి చప్పట్లు. పాట మధ్యలో మా ఆయన నా వైపు చూసేవారు. నేను బాగానే ఉందన్నట్టు తలూపేదాన్ని.

అయిదేళ్ళ తరవాత నాన్న పోయాడు. నలభై తొమ్మిదో రోజు కర్మలయ్యాక మా ఆయన స్టోరుకెళ్ళి, సంతల వ్యవహారం చూసే ఇవకబెతో మాట్లాడారు. నేనూ వెళ్ళాను. ఇక నుంచి మామూలు బట్టల్లో, మంచి వైన్‌తో, కూర్చోబెట్టి రుచి చూపిస్తామని చెప్పారు. ఇవకబె ఎంతో మర్యాదస్తుడు. ఓపిగ్గా విని, వంగి నమస్కరించి, నాన్న గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, అప్పుడన్నాడు.

"మురసుగి గారూ, మా కరపత్రం మీద బొమ్మ మీదే. జర్మనీ మామయ్య ఈ ఏడూ వస్తున్నాడా అని ఇప్పటికే ఫోన్లు. ఆయన రాకపోతే ఆ చోటు సాసేజీలవాళ్ళకి ఇవ్వాల్సి వస్తుంది. మీ ఇష్టం, నేను బలవంతపెట్టను."

కంపెనీలో పనివాళ్ళున్నారు. నాన్న కాలం నుంచీ ఉన్నవాళ్ళు, వేరే పని తెలియనివాళ్ళు. లిఫ్టులో దిగుతూ ఆయన అద్దంలో తన మొహం చూసుకున్నారు. "నన్నిప్పుడు ఎవరూ పట్టుకోలేదు కదా ఫుమియే?" అన్నారు.  ఆ అక్టోబరులోనూ ఆయన పాడారు. ముక్క తప్పినా వెనక నుంచి కర్ర చప్పుడు రాలేదు. ఆయనే ఆగి, మొదటికొచ్చి, సరిచేసుకుని పాడారు.

ఆ సంతలోనే నా బల్ల దగ్గర ఒక పెద్దాయన ఆగాడు. పొట్టిగా, గుండు, చేతి వేళ్ళకి కత్తిగాట్ల మచ్చలు. ఒక ముక్క తిని ఒక గుక్క తాగి, నన్నేమీ అడగకుండా ఇంకో ముక్క తిన్నాడు.

"మీ ఉమె గుజ్జులో తేనె ఎక్కువైందమ్మా" అన్నాడు. "ఈ వైన్‌కి అది అక్కర్లేదు. తీసెయ్యండి."

తీపికి అలవాటుపడ్డ జనం కోసం నేనే కలిపాను. ఆ మాట చెప్పాను.

"జనం సంగతి నాకొదిలెయ్యండి. నాది అకషిలో సుషీ కొట్టు. పేరు కుసుమోతో. సోమవారం సెలవు. రెండు సీసాలు పట్టుకుని రండి, మా జలసంధి చేపతో చూద్దాం. ఇది తెచ్చిన మనిషెవరు?"

నేను చెయ్యి చూపించాను. అక్కడ మా ఆయన ఈక టోపీ పెట్టుకుని ఇద్దరు ముసలమ్మల మధ్య ఫొటోకి నిలబడి ఉన్నారు. కుసుమోతో కాసేపు చూశాడు. నవ్వలేదు.

"ఆయన్నీ తీసుకురండి. మామూలు బట్టల్లో."

సోమవారం వెళ్ళాం. మూసి ఉన్న కొట్టులో మేం ముగ్గురమే. కుసుమోతో ముక్క కోసి పెడుతున్నాడు, మా ఆయన పోస్తున్నారు. తై చేపకి ఇది, ఆక్టోపస్‌కి కాదు, దానికి ఇంకొంచెం వయసున్నది కావాలి అంటూ ఆయన మాట్లాడటం మొదలుపెట్టారు. నేల గురించి, ఏటిగాలి గురించి, మంచులో తీగలు కత్తిరించినప్పుడు చేతులు ఎలా మొద్దుబారేవో. నాతో ఎప్పుడూ చెప్పనివి చెప్పారు. కుసుమోతో ఎదురు చెప్పాడు, వాదించుకున్నారు, మళ్ళీ కోశాడు, మళ్ళీ పోశారు.

ఇప్పుడు అకషిలో మూడు కొట్లు, హిమెజీలో ఒకటి మా దగ్గర ఆ వైన్ తీసుకుంటున్నాయి. దాంతో కంపెనీ నడవదు. కంపెనీని నడిపేది ఇంకా ఆ తియ్యటిదే, ఆ ఎనిమిదో అంతస్తే. మా ఆయనకి అరవై దాటాయి. చలికి మోకాళ్ళు పట్టేస్తున్నాయని కిందటేడు సంతలో నిక్కరు లోపల ఒంటి రంగు లాగు వేసుకున్నారు. సోమవారాలు మాత్రం సంచిలో రెండు సీసాలు పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని అకషి రైలెక్కుతారు. సముద్రం పక్కనుంచి రైలు పోతున్నంతసేపూ ఒక్క మాటా మాట్లాడరు. నేనూ మాట్లాడించను.